పాత రీడ్ ఆర్గాన్‌కు సహాయక సాధనాల చేర్పు: గాలి, మెట్టు, నాలుక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్దిలోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లోనూ తయారైన రీడ్ ఆర్గాన్లు నేటికీ ఇళ్లలో, ప్రార్థనాలయాల్లో, నాటక సమాజాల్లో కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని వాయించే శక్తి తగ్గినవారు, కొత్త అవసరాలు ఏర్పడినవారు విద్యుత్ మోటారు, కప్లర్, మిడి సెన్సర్ వంటి సహాయక సాధనాలను అమర్చుకోవాలనుకోవడం సహజం. అటువంటి చేర్పులలో ఏది వాద్యానికి హాని చేయదు, ఏది చేస్తుంది అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాద్య నిర్మాణాన్ని గాలి, మెట్టు, నాలుక అనే మూడు స్థాయిలుగా విభజించి, మొదటి స్థాయి నుండి మూడవ స్థాయికి వెళ్లేకొద్దీ మార్పును వెనక్కి తీసుకునే అవకాశం తగ్గుతుందని నిరూపించడం దీని ఉద్దేశం. భారతదేశంలో హార్మోనియం పొందిన రూపాంతరాన్ని, తెలుగు పద్యనాటక రంగంలో దాని వినియోగాన్ని ఈ వాదనకు పోలికగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: రీడ్ ఆర్గాన్, హార్మోనియం, లెగ్ హార్మోనియం, కప్లర్, స్కేల్ ఛేంజర్, శ్రుతి, వాద్య పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

పాత వాద్యం ఒకటి చేతికి వచ్చినప్పుడు రెండు ధర్మాలు ఒకదానితో ఒకటి ఘర్షిస్తాయి. వాద్యం మోగడానికి పుట్టింది కనుక దానిని మోగించాలన్నది ఒక ధర్మం. అది గతకాలపు పనితనానికి సాక్ష్యం కనుక దానిని చెరపకుండా అప్పగించాలన్నది మరొకటి. వీణ, వయొలిన్ వంటి వాద్యాల విషయంలో ఈ ఘర్షణ అంతగా పైకి కనబడదు. తీగ మార్చినంత మాత్రాన వీణ వేరొకటి కాదు. రీడ్ ఆర్గాన్ సంగతి వేరు. అది సంగీత వాద్యమే కాక ఒక యంత్రం కూడా. దానికి ఊపిరి ఇచ్చే తిత్తి ఒకచోట, ఆజ్ఞ ఇచ్చే మెట్లు ఒకచోట, పలికే నాలుకలు మరొకచోట ఉంటాయి. యంత్రం కనుక మార్చడం సులువు. వాద్యం కనుక మార్పు ఫలితం చెవికి వెంటనే తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పితో పెడళ్లు తొక్కలేని వాద్యకారుడు విద్యుత్ మోటారును కోరుకుంటాడు. ఒక చెయ్యి స్వాధీనంలో లేని వ్యక్తి రెండో చేతి పనిని చేసిపెట్టే సాధనాన్ని కోరుకుంటాడు. గాయకుడి శ్రుతికి తగినట్లు వాద్యం మారాలని మరొకరు ఆశిస్తారు. ఈ కోరికలు న్యాయమైనవే. అయితే వీటిని తీర్చే పద్ధతులన్నీ ఒకే విలువ గలవి కావు. సంగ్రహాలయ పరిరక్షణ శాస్త్రం రెండు సూత్రాలను చెబుతుంది: జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలి, చేసిన మార్పును తరువాతివారు తొలగించగలగాలి. ఈ సూత్రాలు సాధారణ స్థాయిలో అందరికీ అంగీకారమైనవే. రీడ్ ఆర్గాన్ విషయంలో వీటిని ఎక్కడ, ఎలా అన్వయించాలన్నదే అసలు చర్చ.

2. రీడ్ ఆర్గాన్ నిర్మాణం

రీడ్ ఆర్గాన్‌లో ధ్వనికి మూలం ఇత్తడి నాలుక. ఒక పలకలో సన్నని చీలిక, ఆ చీలికపై ఒక కొస బిగించిన నాలుక ఉంటాయి. గాలి ఆ చీలికగుండా పోయినప్పుడు నాలుక అటూ ఇటూ కదలి స్వరాన్ని పలుకుతుంది. నాలుక చీలిక అంచులను తాకకుండా స్వేచ్ఛగా ఊగుతుంది కనుక దీనిని స్వేచ్ఛా నాలుక అంటారు. చైనాకు చెందిన షెంగ్ వాద్యంలో ఈ సూత్రం ప్రాచీన కాలం నుండే ఉంది. ఐరోపాలో గ్రెనియే 1810 ప్రాంతంలో దీనితో ఆర్గాన్‌ను నిర్మించగా, అలెగ్జాండ్ర్ దెబేన్ 1840ల తొలినాళ్లలో తన వాద్యానికి హార్మోనియం అని పేరు పెట్టాడు.

నాలుక ఎంత ఎత్తు స్వరం పలకాలన్నది దాని పొడవు, మందం, బరువులపై ఆధారపడి ఉంటుంది. నాలుక కొసన లోహాన్ని కొద్దిగా గీరితే స్వరం పెరుగుతుంది. మొదట్లో గీరితే తగ్గుతుంది. గాలి ఒత్తిడి పెరిగినప్పుడు ధ్వని పెద్దదవడమే కాక స్వరం స్వల్పంగా దిగుతుంది. మంద్ర స్థాయి నాలుకలలో ఈ దిగుడు స్పష్టంగా వినబడుతుంది. గాలి స్థాయిలో చేసే ఏ మార్పుకైనా ఈ గుణం ఒక హెచ్చరిక.

గాలి నడిచే దిశనుబట్టి ఈ వాద్యాలు రెండు కుటుంబాలుగా విడిపోయాయి. ఐరోపా హార్మోనియంలో తిత్తి గాలిని నాలుకల మీదికి నెడుతుంది. అమెరికన్ ఆర్గాన్‌లో తిత్తి గాలిని నాలుకలగుండా లోపలికి పీలుస్తుంది. బోస్టన్‌లోని మేసన్ అండ్ హామ్లిన్, వెర్మాంట్ రాష్ట్రపు బ్రాటిల్‌బరోలోని ఎస్టీ సంస్థలు ఈ రెండవ పద్ధతిని ఇంటింటికీ చేర్చాయి. ఎస్టీ సంస్థ ఒక్కటే 5 లక్షలకు పైగా రీడ్ ఆర్గాన్లను తయారుచేసింది. సాధారణంగా ఇటువంటి ఆర్గాన్‌కు 5 స్థాయిలు, 61 మెట్లు ఉంటాయి.

ఈ రెండు కుటుంబాల మధ్య భేదం దిశకు మాత్రమే పరిమితం కాదు. హార్మోనియంలో ఎక్స్‌ప్రెషన్ అనే స్టాపును లాగితే నిల్వతిత్తికి దారి మూసుకుపోయి, వాద్యకారుడి పాదాల ఒత్తిడి నేరుగా నాలుకలను చేరుతుంది. స్వరం ఉబ్బడం, సన్నగిల్లడం పూర్తిగా పాదాల అధీనంలో ఉంటాయి. అమెరికన్ ఆర్గాన్‌లో ధ్వని హెచ్చుతగ్గులను ప్రధానంగా మోకాలితో నెట్టే తెడ్డు నియంత్రిస్తుంది. అది నాలుకల పెట్టెపై ఉన్న మూతలను తెరుస్తుంది, మూస్తుంది. అంటే మొదటి వాద్యంలో గాలి భావాన్ని మోస్తుంది. రెండవదానిలో గాలి శక్తిని మాత్రమే ఇస్తుంది. సహాయక సాధనాన్ని ఎంచుకోవడంలో ఈ తేడా నిర్ణాయకం.

3. సహాయక సాధనాల పూర్వచరిత్ర

సహాయక సాధనం అనగానే అది మూలవాద్యానికి పరాయిదన్న అభిప్రాయం కలుగుతుంది. చరిత్ర దీనిని సమర్థించదు. రీడ్ ఆర్గాన్ నిర్మాతలే మొదటినుంచీ వాద్యకారుడి పరిమితులను దృష్టిలో పెట్టుకుని సాధనాలను చేర్చారు.

నొక్కిన మెట్టుతో పాటు పై స్థాయిలోని అదే స్వరాన్ని పలికించేది ఆక్టేవ్ కప్లర్. ఒక వేలితో రెండు స్వరాలు వస్తాయి కనుక చిన్న వాద్యం కూడా నిండుగా వినబడుతుంది. ఫ్రెంచ్ హార్మోనియంలలో కనబడే ప్రొలాంజ్‌మాన్ అనే అమరిక, మంద్రభాగంలో నొక్కిన మెట్టును చెయ్యి తీసిన తరువాత కూడా పట్టి ఉంచుతుంది. ఎడమచేతికి విశ్రాంతి దొరుకుతుంది. ఇంగ్లండులో విలియం డాస్ రూపొందించిన మెలొడీ అమరిక, నొక్కిన స్వరాలలో అన్నిటికన్నా పైనున్నదానిని మాత్రమే ప్రత్యేకమైన నాలుకల వరుసలో పలికించి, పాట వరుస స్పష్టంగా తెలిసేలా చేస్తుంది. విక్టర్ ముస్తెల్ తన డబుల్ ఎక్స్‌ప్రెషన్ ద్వారా వాద్యం కుడి, ఎడమ భాగాల ధ్వనిని మోకాళ్లతో వేర్వేరుగా నియంత్రించే వీలు కల్పించాడు.

వాయించడం రానివారికోసం కూడా సాధనాలు పుట్టాయి. దెబేన్ రూపొందించిన ఆంటిఫొనెల్ ఆర్గాన్ మెట్ల మీద ఉంచే ఒక పెట్టె. మేకులు దిగగొట్టిన చెక్కపలకలను దానిగుండా నడిపితే అది మెట్లను నొక్కి కీర్తనను వినిపించేది. పని పూర్తయ్యాక పెట్టెను తీసేస్తే ఆర్గాన్ ఎప్పటిలా ఉంటుంది. దీనికి భిన్నంగా ఇయోలియన్ సంస్థవారి ఆర్కెస్ట్రెల్‌లో రంధ్రాల కాగితపు చుట్టను చదివే యంత్రాంగం వాద్యం కడుపులోనే భాగమై ఉంటుంది.

ఈ చివరి రెండు ఉదాహరణలు సహాయక సాధనాలలో రెండు జాతులున్నాయని తెలుపుతాయి. ఒకటి వాద్యానికి వెలుపల నిలబడి వాద్యకారుడి స్థానంలో పనిచేస్తుంది. మరొకటి నిర్మాణ దశలోనే వాద్యంలో కలిసిపోతుంది. నిర్మాత తొలి నమూనాలోనే కలిపినదానిని తప్పుపట్టనక్కరలేదు. శతాబ్దం గడిచిన తరువాత మరొకరు రెండవ జాతి సాధనాన్ని పాత వాద్యంలో దూర్చడమే చిక్కు తెచ్చిపెడుతుంది.

4. మొదటి స్థాయి: గాలి

గాలి స్థాయిలో ఎక్కువగా కోరబడే సాధనం విద్యుత్ మోటారు. దాని గురించి ఆలోచించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆయాసం మనిషిదా, తిత్తిదా? నూరేళ్ల వాద్యంలో తిత్తికి అంటించిన రబ్బరు గుడ్డ బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. కవాటాల తోలు ముడుచుకుపోతుంది. కీళ్ల దగ్గర జిగురు ఊడుతుంది. గాలి కారిపోయే కొద్దీ పాదాలు వేగంగా తొక్కాలి. వాద్యకారుడు దీనిని తన వార్ధక్యంగా భావిస్తాడు. పరీక్ష తేలిక: తిత్తిని పూర్తిగా పనిచేయించి, ఏ మెట్టూ నొక్కకుండా పాదాలు ఆపి, నిల్వతిత్తి ఎంతసేపటికి మామూలు స్థితికి వస్తుందో చూడాలి. కొద్ది క్షణాల్లోనే వస్తే లోపం తిత్తిది. అటువంటి వాద్యానికి మోటారు అమర్చడం కుండకు చిల్లు ఉండగా నీళ్లు పోస్తూ ఉండటమే. తిత్తికి కొత్త గుడ్డ వేశాక చాలా సందర్భాల్లో పాదాల శ్రమ బాగా తగ్గుతుంది. సహాయక సాధనం అవసరమే తీరిపోవచ్చు.

తిత్తి బాగున్నా తొక్కలేని వాద్యకారుడికి మోటారు న్యాయమైన పరిష్కారం. అమెరికన్ ఆర్గాన్‌లో దీనివల్ల జరిగే నష్టం స్వల్పం. ధ్వని హెచ్చుతగ్గులు మోకాలి తెడ్డు దగ్గర ఉన్నాయి కనుక గాలిని ఎవరు పీల్చినా భావప్రకటన చాలావరకు చెడదు. అయితే ఈ వాద్యానికి కావలసిన చూషణ కొన్ని అంగుళాల నీటిమట్టంతో కొలవదగినంత తక్కువ. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మోటారు దానికి అనేక రెట్లు బలంగా పీలుస్తుంది. అదుపు లేకుండా కలిపితే తిత్తి గుడ్డ చిరుగుతుంది, నాలుకలు బిగ్గరగా అరిచి స్వరం దిగుతాయి. కనుక మోటారు వేగాన్ని తగ్గించే సాధనం, అదనపు గాలిని బయటినుంచి తీసుకునే కవాటం, నిల్వతిత్తి కదలికను అనుసరించి గాలిదారిని మూసి తెరిచే తెర తప్పనిసరి. మోటారును పెట్టెలోపల కాక వెలుపల ఉంచి గొట్టంతో కలపడం మంచిది. ఎండిన చెక్క, దుమ్ము, పాత లక్క పూత ఉన్నచోట వేడెక్కే యంత్రం ఉండటం ప్రమాదకరం. మోటారు రొద కూడా దూరమవుతుంది.

గొట్టం కలపడానికి రంధ్రం కావాలి. తిత్తి పలకనే తొలిస్తే ఆ గాయం శాశ్వతం. దానికి బదులు విప్పదీయగల వెనుకపలకను గానీ మూతను గానీ తీసి భద్రపరచి, అదే కొలతలతో కొత్త పలక చేయించి దానిలో రంధ్రం వేయవచ్చు. పాత పెడళ్లను తొలగించకూడదు. మధ్యలో ఒక ఏకదిశా కవాటం ఉంటే మోటారు ఆగినప్పుడు పాదాలతోనూ వాయించవచ్చు.

ఐరోపా హార్మోనియం విషయంలో ఇదే మోటారు పెద్ద నష్టం తెస్తుంది. నిలకడైన యంత్రపు గాలి అందిన క్షణంలో ఎక్స్‌ప్రెషన్ స్టాపుకు అర్థం పోతుంది. పాదాలు చేసే సంగీతం ఆగిపోతుంది. కావున అక్కడ మోటారు అమర్చవలసి వస్తే, వాద్యం పాడే గుణంలో సగం వదులుకుంటున్నామన్న ఎరుకతో అమర్చాలి.

5. రెండవ స్థాయి: మెట్లు

మెట్టు నొక్కినప్పుడు ఒక పుల్ల ద్వారా అడుగునున్న కవాటం తెరుచుకుని నాలుకకు గాలిదారి ఏర్పడుతుంది. ఈ మార్గంలో చేర్చే సాధనాలు రెండు విధాలు: మెట్టు కదలికను గమనించేవి, మెట్టును కదిలించేవి.

గమనించే సాధనాలలో ప్రధానమైనది మిడి సెన్సర్. 1983లో ప్రమాణీకరించబడిన మిడి పద్ధతి వల్ల మెట్టు కదలికను కంప్యూటరుకు సంకేతంగా పంపవచ్చు. కాంతి సెన్సర్లను ఒక పట్టీపై అమర్చి మెట్ల కింద గానీ వెనుక గానీ ఉంచితే మెట్లను తొలచనవసరం లేదు. వాద్యకారుడు వాయించినది స్వరలిపిగా నమోదవుతుంది; పరిశోధకుడికి వాయింపు కాలవ్యవధులు లభిస్తాయి. పట్టీని తీసేస్తే గుర్తు మిగలదు. మెట్ల కింద అయస్కాంతాలను జిగురుతో అంటించే పద్ధతి దీనికన్నా తక్కువ మేలైనది. మెట్టు బరువు మారుతుంది, జిగురు మరక మిగులుతుంది.

కదిలించే సాధనాలు ఎక్కువ జాగ్రత్తను కోరతాయి. కప్లర్ లేని వాద్యానికి కప్లర్ చేర్చాలంటే మెట్ల కింద కొత్త పుల్లలు, ఇరుసులు, స్ప్రింగులు కావాలి. ప్రతి మెట్టు రెండు కవాటాలను తెరవాలి కనుక వేలికి బరువు పెరుగుతుంది. స్వరానికి గాలి ఖర్చు రెట్టింపవుతుంది. అంటే రెండవ స్థాయిలో చేసిన సహాయం మొదటి స్థాయిపై భారం మోపుతుంది. వేళ్ల బలం తగ్గినవారికి కప్లర్ సహాయం కన్నా కష్టమే కావచ్చు.

ఒక చేతితో వాయించేవారికి తక్కువ ఖర్చులో దొరికే సహాయం మరొకటి ఉంది. ఆధార స్వరాన్ని పట్టి ఉంచడానికి తోలు అంటించిన చిన్న సీసపు బరువును మెట్టుపై ఉంచవచ్చు. ప్రొలాంజ్‌మాన్ చేసే పనిలో ప్రధాన భాగాన్ని ఇది చేస్తుంది. ఆంటిఫొనెల్ లాగే పైనుండి వచ్చి పైనుండే వెళ్లిపోతుంది. గొప్పగా కనబడని సాధనమే వాద్యానికి ఎక్కువ మర్యాద చేయడం గమనార్హం.

6. మూడవ స్థాయి: నాలుక

మూడవ స్థాయిలో చేసే మార్పులు సాధారణంగా శ్రుతికి సంబంధించినవి. ఫ్రాన్సు 1859లో మధ్య ధైవతానికి సమానమైన ఏ స్వరాన్ని సెకనుకు 435 కంపనాలుగా నిర్ణయించింది. 1939లో లండన్ సమావేశం 440ని సూచించింది. 435 ప్రకారం శ్రుతి చేసిన ఆర్గాన్, 440 ప్రకారం చేసిన కీబోర్డు ఒకే స్వరాన్ని పలికితే సెకనుకు 5 విస్పందనాలు వినబడతాయి. ఇది ఒక అర్ధస్వరంలో సుమారు ఐదవ వంతు తేడా. పక్కవాద్యాలతో కలవాలంటే నాలుకలన్నీ గీరించాలని యజమానికి తోస్తుంది.

గీరిన లోహం తిరిగి రాదు. స్వరాన్ని వెనక్కి దించడానికి నాలుకను మరోచోట గీరవచ్చు గానీ, నాలుక పలచబడుతుంది, ధ్వని గుణం మారుతుంది, విరిగే అవకాశం పెరుగుతుంది. నిర్మాత ఎంచుకున్న శ్రుతి ఏమిటన్న చారిత్రక సాక్ష్యం కూడా ఆ గీతలతోనే చెరిగిపోతుంది. ఒక ప్రత్యేక ప్రమాదం సెలెస్ట్ వంటి స్టాపులది. వాటిలో రెండు వరుసల నాలుకలను నిర్మాత కావాలనే స్వల్ప భేదంతో శ్రుతి చేస్తాడు. ఆ భేదం వల్ల పుట్టే అలవంటి కదలికే ఆ స్టాపు అందం. దానిని అపశ్రుతిగా భావించి సరిచేసినవారు దోషాన్ని కాక గుణాన్ని తొలగించినవారవుతారు.

శ్రుతిని మెరుగుపరచాలన్న తపన చిన్నది కాదు. సమవిభాగ శ్రుతిలోని అంతర గాంధారం 5:4 నిష్పత్తి గల సహజ గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. హెల్మ్‌హోల్ట్స్ 1863 నాటి తన ధ్వనిశాస్త్ర గ్రంథానికి సంబంధించిన ప్రయోగాలలో సహజ శ్రుతిగల హార్మోనియంను ఉపయోగించాడు. బొసాంకే 1870లలో స్థాయికి 53 స్వరాల హార్మోనియంను చేయించాడు. భారతదేశంలో కృష్ణాజీ బల్లాళ్ దేవల్, ఎర్నెస్ట్ క్లెమెంట్స్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో శ్రుతి హార్మోనియంను ప్రతిపాదించారు. ఇటీవలి కాలంలో విద్యాధర్ ఓక్ 22 శ్రుతుల హార్మోనియంను రూపొందించారు. వీరందరిలో ఒక సామాన్య లక్షణం ఉంది. పాత వాద్యం నాలుకలను గీరి అదే వాద్యాన్ని మరొకటిగా చేయడం వీరి మార్గం కాదు. కొత్త ఆలోచనకు కొత్త వాద్యాన్ని కట్టించారు.

పాత ఆర్గాన్‌లోనే వేరే శ్రుతి కావాలనుకునేవారికి ఒక దారి మిగిలి ఉంది. అమెరికన్ ఆర్గాన్ నాలుకలు తమ తమ గాడులలోకి జారి కూర్చుంటాయి. చిన్న కొక్కెంతో వాటిని బయటికి లాగవచ్చు. విడిగా సమకూర్చుకున్న నాలుకలను కావలసిన శ్రుతికి గీరి ఆ గాడులలో పెట్టి, అసలు నాలుకలను వరుసక్రమం రాసి భద్రపరిస్తే మార్పు వెనక్కి తీసుకోదగినదే అవుతుంది.

7. భారతీయ రూపాంతరం – తెలుగు రంగస్థలం

సహాయక సాధనాలు పోగుపడి వాద్యాన్నే మార్చివేసిన సందర్భానికి భారతీయ హార్మోనియం ఉత్తమ ఉదాహరణ. 1875లో కలకత్తాలో డ్వార్కిన్ సంస్థను స్థాపించిన ద్వారకానాథ్ ఘోష్, 1880లలో చేతితో గాలి కొట్టే హార్మోనియంను ప్రచారంలోకి తెచ్చాడు. కుర్చీలో కూర్చుని పాదాలతో తొక్కే వాద్యం నేలమీద కూర్చునే గాయకుడి ముందుకు వచ్చింది. ఎడమచెయ్యి తిత్తికి అంకితమైంది. ఆ చేతి లోటును తీర్చడానికే కప్లర్, ఆధార స్వరాల స్టాపులు ఇక్కడ ప్రాధాన్యం పొందాయి. గాయకుల శ్రుతులు వేర్వేరు కనుక, మెట్ల వరుస మొత్తం పక్కకు జరిగే స్కేల్ ఛేంజర్ వచ్చింది. షడ్జం ఎక్కడికి మారినా వేళ్లు అవే మెట్లమీద నడవవచ్చు. మనోహర్ చిమోటే హార్మోనియంకు స్వరమండలాన్ని జోడించి సంవాదిని అని పేరు పెట్టారు.

ఈ సాధనాలేవీ గమకం లేదన్న ఆక్షేపణను తీర్చలేదు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. 1970ల తొలినాళ్లలో గానీ ఆ నిషేధం సడలలేదు. రేడియోలో వినబడని ఆ కాలంలోనూ తెలుగు పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణవాయువు. 1885లో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయంలోనూ, పాండవోద్యోగ విజయాలు వంటి నాటకాల ప్రదర్శనల్లోనూ హార్మోనిస్టు స్థానం విశిష్టమైనది. నటుడికి శ్రుతినివ్వడం, పద్యం చివరి రాగాలాపనను అనుసరించడం, నటుడు ఊపిరి తీసుకునే ఖాళీని నింపడం అతడి పనులు. ఇందుకు లెగ్ హార్మోనియం అనువైనది. పాదాలు గాలిని చూసుకుంటాయి కనుక రెండు చేతులూ మెట్లపై ఉంటాయి. ధ్వని ప్రేక్షకుల చివరి వరుసను చేరుతుంది. ఒకే రాత్రి కృష్ణపాత్రధారి ఒక శ్రుతిలో, మరొక పాత్రధారి వేరొక శ్రుతిలో పాడితే హార్మోనిస్టు మనసులోనే షడ్జాన్ని మార్చుకుని వేళ్లను కొత్త మెట్లకు నడిపించాలి. స్కేల్ ఛేంజర్ యంత్రంలో చేసే పనిని ఇక్కడ అభ్యాసం చేస్తుంది.

ఈ పోలిక నుండి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, భారతీయ నిర్మాతలు తమ అవసరాలకు కొత్త వాద్యాన్ని నిర్మించారు కనుకనే ఆ మార్పు సృజన అయింది. పాత లెగ్ హార్మోనియంను కోసి స్కేల్ ఛేంజర్‌ను ఇరికిస్తే అది సృజన కాదు; మెట్లకూ కవాటాలకూ ఉన్న స్థిరమైన అనుసంధానం మొత్తం తొలగించవలసి ఉంటుంది. రెండవది, యంత్ర సహాయం వచ్చినచోట ఒక నైపుణ్యం అనవసరమవుతుంది. శ్రుతి మార్చి వాయించే హార్మోనిస్టు వేళ్ల విద్య అటువంటిది. సాధనాన్ని అమర్చే ముందు ఆ విద్య తెలిసినవారి వాయింపును నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.

8. నిర్ణయ క్రమం

పై చర్చనుబట్టి పాత రీడ్ ఆర్గాన్‌కు సహాయక సాధనం చేర్చదలచినవారు అనుసరించదగిన క్రమాన్ని ఇలా చెప్పవచ్చు.

మొదట నమోదు. నిర్మాత పేరు, వరుససంఖ్య, స్టాపుల పేర్లు, ప్రతి నాలుక ప్రస్తుత శ్రుతి, తిత్తి స్థితి రాసి ఛాయాచిత్రాలు తీయాలి. లోపల పెన్సిల్‌తో రాసిన పనివారి గుర్తులను తుడవకూడదు.

రెండవది మరమ్మతు. గాలి కారడాన్ని ఆపి, నాలుకలపై దుమ్ము తొలగించిన తరువాతే సాధనం అవసరమా అని ఆలోచించాలి. అంటించడానికి వేడినీటితో విడిపోయే సంప్రదాయ జంతుజిగురే తగినది. నేటి ప్లాస్టిక్ జిగుర్లు గట్టిగా పట్టుకుంటాయి గానీ తరువాతి మరమ్మతులో చెక్కను చీల్చనిదే ఊడవు.

మూడవది స్థాయి నిర్ణయం. అవసరం గాలి స్థాయిలో తీరితే మెట్ల జోలికి పోరాదు. మెట్ల స్థాయిలో తీరితే నాలుకలను తాకరాదు. శ్రుతి భేదం ఉన్నచోట వీలైతే పక్కవాద్యమే ఆర్గాన్ శ్రుతికి రావాలి. ఎలక్ట్రానిక్ కీబోర్డును 435కు దించడం ఒక మీట నొక్కినంత పని. ఆర్గాన్‌ను 440కి ఎత్తడం 61 నాలుకల వరుసలను ఒక్కొక్కటిగా గీరడం.

నాలుగవది అప్పగింత. తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసి వాద్యంతోపాటే ఉంచాలి. చేసిన మార్పు, తేదీ, తొలగించే పద్ధతి ఒక కాగితంపై రాసి పెట్టెలో భద్రపరచాలి. మార్పును వెనక్కి తీసుకోవచ్చు అన్న మాటకు, ఎలా తీసుకోవాలో తరువాతివారికి తెలిసినప్పుడే విలువ.

9. ముగింపు

సహాయక సాధనాలు రీడ్ ఆర్గాన్‌కు పరాయివి కావు. దాని చరిత్ర నిండా అవే. కనుక పాత వాద్యానికి కొత్త సాధనం చేర్చడాన్ని సిద్ధాంతరీత్యా నిరాకరించనవసరం లేదు. చూడవలసింది ఆ సాధనం వాద్యకారుడి శ్రమకు ప్రత్యామ్నాయమా, వాద్యం స్వరానికి ప్రత్యామ్నాయమా అన్నదే. పాదాల పనిని మోటారు పంచుకోవచ్చు. వేలి పనిని చిన్న బరువు పంచుకోవచ్చు. నాలుక మాత్రం నిర్మాత చెవిని మోసుకొస్తున్న లోహం. పెడళ్లు తొక్కలేని వృద్ధ వాద్యకారుడు మోటారు సాయంతో మళ్లీ వాయించగలిగితే వాద్యం తన మొదటి ధర్మాన్ని నెరవేర్చుకుంటుంది. అతడి తరువాత మరొకరు ఆ మోటారును విప్పి, పాత పలకను బిగించి, పెడళ్లపై పాదాలుంచగలిగితే రెండవ ధర్మమూ నెరవేరుతుంది. ఈ రెండింటికీ చోటిచ్చే చేర్పే సమంజసమైనది.